పొలిమేర దెయ్యం, పక్కింటి మంత్రగాడు: అల్పవ్యయ భయానక చిత్రాల విషయంలో తెలుగు విమర్శ చేయని విభజన

సారాంశం

తక్కువ ఖర్చుతో తీసిన భయానక చిత్రాలను తెలుగు విమర్శ చాలాకాలంగా 'క్షుద్రం' అనే ఒకే గంపలో వేస్తూ వచ్చింది. ఇటీవల వచ్చిన 'కల్ట్' అభిమానం ఆ గంపను యథాతథంగా నెత్తికెత్తుకుంది. మొదటిది అన్నింటినీ మూఢనమ్మకంగా తోసిపుచ్చితే, రెండవది అన్నింటినీ వినోదంగా ఆమోదించింది. ఈ రెండు ధోరణులూ ఒకే తప్పు చేశాయని ఈ వ్యాసం వాదిస్తుంది. భయం కల్పనగా కనిపించే చిత్రానికీ, భయాన్ని నిజమైన పొరుగువాడి మీద మోపే చిత్రానికీ మధ్య గీత గీయడం విమర్శ బాధ్యత. ఆ గీత గీయడానికి అవసరమైన పనిముట్లు నాట్యశాస్త్రంలోనూ, తెలుగు ప్రదర్శన సంప్రదాయంలోనూ ఉన్నాయి.

కీలకపదాలు: భయానక రసం, విఠలాచార్య, జగన్మోహిని, క్షుద్ర సాహిత్యం, చేతబడి, వేషం, జగిత్యాల

1. ఉపోద్ఘాతం

2020 నవంబరులో జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని సజీవంగా దహనం చేశారు. 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలోని టీఆర్ నగర్‌లో, కులసంఘం సమావేశం జరుగుతున్న చోట, ఒక తండ్రినీ ఆయన ఇద్దరు కొడుకులనూ చంపారు. రెండు సందర్భాల్లోనూ చేతబడి చేస్తున్నారన్న అనుమానమే హత్యకు కారణమని అప్పటి వార్తలు తెలిపాయి. మొదటి సంఘటనలో చనిపోయినవాడు చదువుకున్నవాడు, నగరంలో ఉద్యోగం చేసేవాడు. రెండవ సంఘటన మారుమూల పల్లెలో కాక జిల్లా కేంద్రంలోనే జరిగింది. కాబట్టి 'నిరక్షరాస్యత', 'వెనుకబాటుతనం' అనే అలవాటైన మాటలతో ఈ మరణాలను వివరించి ఊరుకోవడం కుదరదు.

ఇటువంటి వార్త వచ్చిన ప్రతిసారీ సినిమాల మీద ఒక నింద పడుతుంది. దెయ్యాల సినిమాలు, మంత్రగాళ్ల సీరియళ్లు జనాన్ని చెడగొడుతున్నాయని సభల్లో తీర్మానిస్తారు. మరోవైపు అవే సినిమాలను అర్ధరాత్రి ఆటలకు గుంపులుగా వెళ్లి, కేకలు వేస్తూ చూసే యువతరం 'సినిమాను సినిమాగా చూడాలి' అని బదులిస్తుంది. ఈ ఇద్దరి మధ్య తేల్చవలసినది సాహిత్య విమర్శ. తెలుగు శాఖలు మాత్రం ఆ పని చేపట్టలేదు. అల్పవ్యయ భయానక చిత్రం పరిశోధనకు తగిన వస్తువు కాదన్న భావన ఇంకా బలంగానే ఉంది. ఆ భావన ఎంత ఖరీదైనదో జగిత్యాల సంఘటనలు గుర్తుచేస్తాయి.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. ఫలానా సినిమా చూసి ఫలానా హత్య చేశారని ఈ వ్యాసం అనడం లేదు. అటువంటి కార్యకారణ సంబంధాన్ని నిరూపించడం సాహిత్య విమర్శకు సాధ్యం కాదు, దాని పనీ కాదు. ఒక కథ ఏ భయాన్ని ఎవరి మీద నిలబెడుతున్నది, ముగింపులో ఎవరి అనుమానాన్ని నిజం చేస్తున్నది అని పరిశీలించడం మాత్రం ముమ్మాటికీ విమర్శ పనే.

2. 'క్షుద్రం' అనే ఒక్క మాట

1980వ దశకంలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వారపత్రికలో ధారావాహికగా వెలువడి విశేష పాఠకాదరణ పొందింది. ఆ తరువాత 'తులసి' వచ్చింది. దాని ఆధారంగా 1986లో 'కాష్మోరా' చిత్రం వెలువడింది. ఈ రచనల చుట్టూ 'క్షుద్ర సాహిత్యం' అనే మాట స్థిరపడింది. రంగనాయకమ్మ 'తులసిదళం'పై చేసిన తీవ్ర విమర్శ పుస్తకరూపంలో రావడం ఆ వాదం ఎంత పదునుగా సాగిందో తెలుపుతుంది. ఆ విమర్శకు చారిత్రక విలువ ఉంది. పాఠకాదరణే రచనకు రక్షణ కాదని, చేతబడిని వాస్తవంగా చూపించే కథకు సామాజిక బాధ్యత ఉంటుందని అది నిలదీసింది.

అయితే ఆ మాట త్వరలోనే విమర్శను దాటి ముద్రగా మారింది. దెయ్యం కనిపించిన ప్రతి కథా క్షుద్రమే అయింది. మాయల ఫకీరు ఉన్న 'బాలనాగమ్మ', నేపాళ మాంత్రికుడు ఉన్న 'పాతాళభైరవి' (1951) మాత్రం 'జానపదం' అనే గౌరవనామంతో తప్పించుకున్నాయి. భేతాళ కథలకూ కాశీమజిలీ కథలకూ సాహిత్య చరిత్రలో స్థానం దొరికింది. అదే మాంత్రికుడు, అదే మోహిని తక్కువ ఖర్చుతో తీసిన చిత్రంలో, రెండవ శ్రేణి నటులతో, రంగుల పొగ మధ్య కనిపిస్తే మాత్రం అవి విమర్శ గడప దాటి లోపలికి రాలేదు. దీన్నిబట్టి తెలుగు విమర్శ నిజంగా వ్యతిరేకించినది మూఢనమ్మకాన్నా, చౌకతనాన్నా అన్న ప్రశ్న పుడుతుంది. సమాధానం విమర్శకు అంత గౌరవం తెచ్చేది కాదు.

ఈ గడప ఒకప్పుడు జానపద గేయానికి కూడా అడ్డుగా నిలిచింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసినప్పుడు, పల్లె పాట సిద్ధాంత గ్రంథానికి తగిన వస్తువని శాఖలు అంగీకరించవలసి వచ్చింది. ఆ తలుపు తెరిచిన క్రమశిక్షణకే వారసులమని చెప్పుకొనే శాఖలు, పల్లె ప్రేక్షకుడు డబ్బు పెట్టి టిక్కెట్టు కొని చూసిన కథ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పాత గడియ వేసుకున్నాయి.

3. 'జగన్మోహిని': అతుకు కనిపించే భయం

తెలుగులో అల్పవ్యయ భయానక చిత్రానికి అసలైన ఉదాహరణ బి. విఠలాచార్య (1920–1999). ఉడుపి ప్రాంతం నుంచి వచ్చిన ఈ దర్శక నిర్మాత 1955లో 'కన్యాదానం'తో తెలుగులో అడుగుపెట్టారు. 'బందిపోటు' (1963), 'అగ్గిపిడుగు' (1964) వంటి చిత్రాలలో ఎన్.టి. రామారావు నటించారు. ఖర్చు విషయంలో విఠలాచార్య పొదుపు గురించి చిత్రసీమలో ఎన్నో కథలు చెప్పుకుంటారు. నటుడు సకాలంలో రాకపోతే ఆ పాత్రను పక్షిగానో జంతువుగానో మార్చి కథ నడిపించేవారన్నది వాటిలో బాగా ప్రచారంలో ఉన్నది. అది నిజమైనా కల్పనైనా ఒక సత్యాన్ని పట్టి ఇస్తుంది: ఆయన చిత్రాలలో డబ్బు లేకపోవడమే కథనానికి యుక్తి అయింది.

1978లో వచ్చిన 'జగన్మోహిని'లో జయమాలిని, నరసింహరాజు, ప్రభ నటించారు. పురుషుడి చేతిలో మోసపోయి ప్రాణాలు కోల్పోయిన స్త్రీ మోహినిగా మారి, ఆ పురుషుడి మరుజన్మను వెంటాడడం అందులోని మూలసూత్రం. ఈ చిత్రంలో ప్రేక్షకులు దశాబ్దాల తరువాత కూడా మరిచిపోని దృశ్యం ఒకటుంది. వంట చేస్తున్న మోహిని కట్టెలకు బదులు తన కాళ్లనే పొయ్యిలో పెడుతుంది. ఆ దృశ్యాన్ని చూసిన పిల్లలు జడుసుకున్నారు, పెద్దలు నవ్వారు. చాలామంది రెండూ ఒకేసారి చేశారు.

ఆ దృశ్యం ఎందుకు నిలిచిందో ఆలోచించాలి. అది కెమెరా తంత్రమని పల్లె ప్రేక్షకుడికి తెలుసు. దెయ్యాలను నమ్మేవాడికి కూడా తెరమీది కాలు బొమ్మ కాలని తెలుసు. అతుకు దాచలేదు. అయినా భయం తప్పలేదు. ఎందుకంటే ఆ బొమ్మ కాలు చెప్పే మాట మాత్రం బొమ్మ కాదు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టడానికి ఒక స్త్రీ తన ఒంటినే పొయ్యిలో పెట్టడమన్నది, కట్టెల పొయ్యి ముందు పొగలో బతుకంతా గడిపిన స్త్రీలకు వింత కాదు. వాస్తవిక చిత్రం అదే మాటను గంటసేపు చెప్పి కంటనీరు పెట్టించి ఉండేది. 'జగన్మోహిని' దాన్ని ఒక్క క్షణంలో, నవ్విస్తూ, భయపెడుతూ చెప్పి వెళ్లిపోయింది.

చౌక భయానక చిత్రాల ఆకర్షణకు మూలం ఇక్కడ ఉంది. అవి ప్రేక్షకుణ్ణి మోసగించడానికి ప్రయత్నించి విఫలమైన చిత్రాలు కావు. ప్రేక్షకుడితో కలిసి ఆట ఆడే చిత్రాలు. ముసుగు ముసుగేనని ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా జడుసుకోవడానికి ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు. ఆ ఒప్పందంలో అతడు అమాయకుడు కాదు, భాగస్వామి.

హిందీలో రామ్సే సోదరుల చిత్రాలు కూడా ఈ కోవలోవే. అన్నదమ్ములే రచన, దర్శకత్వం, ఛాయాగ్రహణం, శబ్దగ్రహణం, కూర్పు పంచుకుని 'దో గజ్ జమీన్ కే నీచే' (1972), 'పురానా మందిర్' (1984), 'వీరానా' (1988) వంటివి తీశారు. వాటిలో శాపం తరచుగా హవేలీ గోడల్లో, ఠాకూరు వంశంలో, రాజు చేసిన పాత కార్యంలో ఉంటుంది. రాక్షసుడి ముఖం రబ్బరుది కావచ్చు. ఆ రాక్షసుణ్ణి నిద్రలేపినది మాత్రం పెద్దింటి చరిత్ర.

4. భయానకం మూడు విధాలు

నాట్యశాస్త్రం భయానక రసానికి వికృతమైన శబ్దాలు, భూతదర్శనం, నక్కల గుడ్లగూబల కూతలు, శూన్యగృహాలు, అరణ్యాలు విభావాలని చెప్పింది. ఈ జాబితాను చదివితే భరతుడు అల్పవ్యయ చిత్ర నిర్మాతకు సామగ్రి పట్టీ రాసి ఇచ్చినట్లు అనిపిస్తుంది. అయితే అదే శాస్త్రం భయమనే స్థాయిభావాన్ని స్త్రీలకు, నీచప్రకృతి గలవారికి చెందినదని కూడా నిర్దేశించింది. ఉత్తమ పాత్రకు ఉత్సాహం, అధమ పాత్రకు భయం. ఆధునిక విమర్శ ఈ సూత్రాన్ని పైకి తిరస్కరించింది. లోపల మాత్రం దాన్నే అనుసరించింది. దెయ్యం సినిమా చూసి భయపడేవాడు తెలివితక్కువవాడని, అతణ్ణి సంస్కరించాలే తప్ప అతడి అనుభవాన్ని అర్థం చేసుకోనక్కరలేదని అనుకోవడం ఆ పాత సూత్రానికి కొత్త వ్యాఖ్యానమే.

నాట్యశాస్త్రంలోనే మరింత పనికివచ్చే విభజన ఉంది. భయానకం మూడు విధాలు: వ్యాజం వల్ల కలిగేది, అపరాధం వల్ల కలిగేది, విత్రాసితకం. మొదటిది నటించిన భయం. రెండవది తాను చేసిన తప్పు వల్ల పుట్టే భయం. మూడవది బెదరగొట్టడం వల్ల కలిగే భయం. శాస్త్రంలో ఈ విభజన పాత్రల భయానికి సంబంధించినది. దీన్ని ప్రేక్షకుడికీ కథకూ మధ్య సంబంధానికి విస్తరించి వాడుకుంటే, ఇప్పటివరకు ఒకే గంపలో ఉన్న చిత్రాలు వాటంతట అవే విడిపోతాయి.

'జగన్మోహిని' వ్యాజ, అపరాధ భయాల కలయిక. ప్రేక్షకుడు ఆటగా భయపడతాడు. కథలోని పురుషుడు తన జన్మాంతర అపరాధం వల్ల భయపడతాడు. దెయ్యం కోపానికి న్యాయం ఉంది. 'అరుంధతి' (2009) వంటి భారీ చిత్రం కూడా ఈ విషయంలో ఆ దారిదే: పశుపతి సంస్థానపు అల్లుడిగా ఆ ఇంట్లోనే అకృత్యాలు చేసినవాడు, బయటి నుంచి వచ్చిన పేదవాడు కాదు. అతడి గొంతు, అతడి పిలుపు కొద్దికాలంలోనే పిల్లల ఆటలో, హాస్య కార్యక్రమాలలో అనుకరణగా మారిపోయాయి. వ్యాజభయం సహజంగా చేరే చోటు అదే.

అభినవగుప్తుడు చెప్పిన రసవిఘ్నాలను ఇక్కడ స్మరించాలి. ప్రేక్షకుడు తెరమీది భయాన్ని తన సొంత భయంగా, తన కాలానికీ తన ఊరికీ చెందినదిగా భావించినప్పుడు రసాస్వాదన ఆగిపోతుంది. పూర్వరంగం, ప్రస్తావన, నటుడి కిరీటం, వేషం అన్నీ ఆ విఘ్నాన్ని తొలగించే సాధనాలు. ఈ దృష్టితో చూస్తే రబ్బరు ముసుగు లోపం కాదు, రసరక్షణ. 'ఇది యథార్థ సంఘటనల ఆధారంగా' అని మొదట్లోనే ప్రకటించే చిత్రం చేసేది దానికి సరిగ్గా వ్యతిరేకమైన పని.

5. ముసుగు కనిపిస్తే భయం తగ్గుతుందా?

కల్పన కల్పనగా కనిపిస్తే భయం పలుచబడుతుందన్న వాదం పాశ్చాత్య వాస్తవికత నుంచి అరువు తెచ్చుకున్నది. తెలుగు ప్రదర్శన సంప్రదాయం దాన్ని సమర్థించదు. తమిళనాడులోని మెలట్టూరులో నరసింహ జయంతి సందర్భంగా ఆడే భాగవతమేళలో 'ప్రహ్లాద' నాటకం మెలట్టూరు వెంకటరామశాస్త్రి తెలుగులో రాసినది. అందులోని నరసింహుడి ముఖాన్ని, అంటే ముసుగును, పూజించి భద్రపరుస్తారు. దాన్ని ధరించే వ్యక్తి ఉపవాసం ఉంటాడు. ప్రదర్శనలో ఆవేశం హద్దు మీరకుండా అతణ్ణి పక్కనున్నవారు పట్టుకుంటారు. ఆ ముసుగు వెనుక ఉన్నది ఎవరో చూసేవారికి తెలుసు. అతడు తమ ఊరివాడే. అయినా స్తంభం దగ్గరి ఘట్టంలో గగుర్పాటు తప్పదు.

జగిత్యాల జిల్లాకు ఈ దైవం పరాయివాడు కాదు. బీర్పూర్ గుట్ట మీద లక్ష్మీనరసింహుడు వెలసి ఉన్నాడు. 'నరసింహ శతకం' రాసిన శేషప్ప కవి ధర్మపురి ఈ జిల్లాలోనే ఉంది. సగం మృగం, సగం మనిషి అయిన ఆ రూపాన్ని ఈ ప్రాంతం ఉగ్రంగానూ, లక్ష్మీసమేతంగానూ కొలుస్తుంది. భయంకర రూపాన్ని కళ్లారా చూడడం, ఆ చూపులోనే దాన్ని శాంతింపజేయడం ఇక్కడి జనానికి తెలిసిన విద్య. అటువంటి సంస్కారంలో పెరిగిన ప్రేక్షకుణ్ణి, తెరమీది రబ్బరు కోరలను చూసి నిజమనుకునే అమాయకుడిగా లెక్కగట్టడం విమర్శకుడి అజ్ఞానమే తప్ప ప్రేక్షకుడిది కాదు.

మల్యాల మండలంలోనే ఉన్న కొండగట్టు ఆంజనేయస్వామి ఆలయానికి గాలి సోకిందని, మతి చలించిందని నమ్మే బాధితులను కుటుంబాలు తీసుకువస్తాయి. ఆ నమ్మకాన్ని వైద్యశాస్త్రం ఒప్పుకోనక్కరలేదు. కానీ అక్కడ భయానికి ఒక రూపం ఉంది, ఒక గడువు ఉంది, ఓపిక ఉంది. భయపడ్డవాడు అక్కడ రోగి. చేతబడి హత్యలో భయపడ్డవాడు న్యాయమూర్తి అవుతాడు, భయానికి కారకుడని తాను అనుకున్నవాడిని దోషిగా నిలబెడతాడు. దెయ్యాన్ని నమ్మడం ఒక సంగతి. పక్కింటివాడే దాన్ని పంపాడని నమ్మడం వేరే సంగతి. ఈ రెంటి మధ్య దూరాన్ని చూడలేని విమర్శ రెంటినీ 'మూఢనమ్మకం' అనే ఒకే మాటతో పిలిచి సంతృప్తి పడింది.

6. అనుమానాన్ని గెలిపించే కథలు

గత కొన్నేళ్లలో తెలుగు భయానక చిత్రం స్వభావం మారింది. విఠలాచార్య కాలంలో డబ్బు తక్కువైతే తెర మీద కృత్రిమత పెరిగేది: అట్ట కోటలు, రంగుల పొగ, దారాలతో లాగే పక్షులు. డిజిటల్ కెమెరా వచ్చాక లెక్క తలకిందులైంది. ఇప్పుడు తక్కువ ఖర్చులో దొరికేది వాస్తవికతే. నిజమైన పల్లె, నిజమైన పెంకుటిల్లు, పరిచితం కాని ముఖాలు, మాండలిక సంభాషణ చౌకగా వస్తాయి. అట్ట కోట కట్టడానికే ఇప్పుడు ఖర్చు ఎక్కువ. అంటే చౌకతనం పక్షం మారింది. ఒకప్పుడు అది ముసుగును చూపించింది, ఇప్పుడు ముసుగే లేదని నమ్మిస్తున్నది. అల్పవ్యయ చిత్రాన్ని పొగిడేవారూ తెగిడేవారూ ఈ మార్పును గమనించలేదు.

2021 డిసెంబరులో ఓటీటీలో విడుదలైన 'మా ఊరి పొలిమేర' ఇందుకు మంచి ఉదాహరణ. సత్యం రాజేష్ ఆటో నడుపుకునే కొమురయ్యగా నటించిన ఈ చిన్న చిత్రం ఎంత ఆదరణ పొందిందంటే, 2023లో రెండవ భాగం నేరుగా థియేటర్లలోకి వచ్చింది. నటనలోనూ, కథ మలుపులలోనూ దానికి నైపుణ్యం ఉంది. విమర్శకు అడ్డు వచ్చేది ఆ నైపుణ్యమే. ఊరిలో చావులు, చేతబడి అనుమానం, ఊరి పగ అనే వరుసలో కథ నడుస్తుంది. ప్రేక్షకుడు అనుమానితుడి పక్షాన జాలిపడడం మొదలుపెట్టాక, ఆ మనిషి నిజంగానే మంత్రవిద్య సాధకుడని ముగింపు తేలుస్తుంది. మలుపుగా అది చప్పట్లు కొట్టించేదే. తర్కంగా చూస్తే అది చెప్పేది ఒక్కటే: ఊరు పొరబడలేదు.

2023లో భారీగా విడుదలైన 'విరూపాక్ష' కథ ఒక జంటను మంత్రగాళ్లన్న అనుమానంతో ఊరివాళ్లు సజీవంగా దహనం చేయడంతో మొదలవుతుంది. ఆ దృశ్యం ప్రేక్షకుణ్ణి కలవరపెడుతుంది. మూకను నిలదీయడానికి అంతకన్నా మంచి ఆరంభం ఉండదు. కానీ పన్నెండేళ్ల తరువాత ఊరిలో జరిగే చావుల వెనుక ఉన్నది కాలిపోయినవారి సంతానం చేసే క్షుద్రవిద్యేనని కథ తేలుస్తుంది. మూక చేసిన హత్య అలా చిత్రం చివరికి తప్పుగా కంటే అసంపూర్తి పనిగా మిగిలిపోతుంది.

'మసూద' (2022) మరొక అంశాన్ని ముందుకు తెస్తుంది. పరిమిత వనరులతో, శబ్దంతో భయం పుట్టించడంలో అది సాధించిన పట్టు మెచ్చదగినది. అయితే ఆవహించే దుష్టశక్తిగా అది ఎంచుకున్నది క్షుద్రవిద్య చేసిన ఒక ముస్లిం స్త్రీని. మోసపోయిన స్త్రీ మోహిని అయినప్పుడు ఆమె కోపానికి ఒక కారణం ఉండేది. ఇక్కడ స్త్రీత్వం, మతం, మంత్రం మూడూ ఒకే శరీరంలో చేరి ఆ శరీరమే భయానికి చిరునామా అవుతుంది.

ఈ మూడు చిత్రాల వ్యయాలు ఒకటి కావు. వాటి తర్కంలో మాత్రం పోలిక ఉంది. విత్రాసితక భయం ఇదే. ప్రేక్షకుడు ఆటగా భయపడడు, అపరాధిగానూ భయపడడు. తన పక్కన కూర్చున్నవాడిని చూసి భయపడతాడు. 'మా ఊరి పొలిమేర' విడుదలైన మరుసటి నెలలోనే జగిత్యాలలో ముగ్గురు హతులవడం కేవలం యాదృచ్ఛికం. సినిమాకూ హత్యకూ మధ్య ఇక్కడ ఏ ముడీ వేయనక్కరలేదు. కానీ చంపినవారు తమకు తాము చెప్పుకున్న కథా, తెరమీది కథా ఒకే ముగింపు కోరాయన్నది మాత్రం తప్పించుకోలేని వాస్తవం. రెండు కథల్లోనూ అనుమానితుడు నిర్దోషి అయ్యే అవకాశం లేదు.

చౌక భయానక చిత్రానికి వేరే ముగింపు అసాధ్యమా? కాదు. 1968లో అమెరికాలో జార్జ్ రొమెరో అతి తక్కువ డబ్బుతో తీసిన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' శవభక్షకుల కథ. రాత్రంతా వాటితో పోరాడి బతికి బయటపడిన నల్లజాతి కథానాయకుణ్ణి, తెల్లవారాక తుపాకులతో వచ్చిన మూక శవభక్షకుడనుకుని కాల్చి చంపుతుంది. ప్రేక్షకుడి వెన్నులో చలి పుట్టించేది ఆ క్షణమే. చిత్రం మూక అనుమానాన్ని గెలిపించదు, దాన్నే దెయ్యంగా చూపుతుంది. రక్తమాంసాల ప్రదర్శన నిండుగా ఉన్న చవక చిత్రమే ఆ పని చేయగలిగింది.

7. రెండు ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ న్యాయమైనది. విఠలాచార్య చిత్రాలు స్త్రీ శరీరాన్ని సరుకుగా వాడుకున్నాయి. 'జగన్మోహిని' ప్రచారంలో జయమాలిని నాట్యానికి ఉన్న చోటు ఆమె పాత్ర కోపానికి లేదు. ఈ వ్యాసం దాన్ని కాదనదు. నిజానికి ఈ చిత్రాల ఆకర్షణలో భయానికీ కామానికీ పీటముడి పడి ఉంది. దాన్ని విడదీసి భయాన్ని మాత్రమే మెచ్చుకోవడం నిజాయితీ కాదు. అయితే ఆ దోపిడీ కూడా 'జగన్మోహిని'లో పైకి కనిపించేది. పొయ్యిలో పెట్టిన కాలూ, నాట్యంలో చూపిన కాలూ ఒకే స్త్రీవి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవగలిగిన స్త్రీవాద విమర్శకు ఈ చిత్రాలలో కావలసినంత పని ఉంది. వాటిని చూడకుండానే పక్కన పెట్టిన విమర్శ ఆ పనిని కూడా వదులుకుంది.

రెండవ ఆక్షేపణ కల్ట్ అభిమానుల నుంచి వస్తుంది. చెడ్డ సినిమాను చెడ్డదిగానే ప్రేమించడంలో ఒక స్వేచ్ఛ ఉందని, విమర్శ నీతిబోధ మానుకోవాలని వారి మాట. సూసన్ సాంటాగ్ 1964లో 'క్యాంప్' గురించి రాసినప్పటి నుంచి, జెఫ్రీ స్కాన్స్ 1995లో 'పారాసినిమా' భావనను ప్రతిపాదించేవరకూ ఈ ధోరణికి పాశ్చాత్యంలో బలమైన సిద్ధాంతం ఉంది. సదభిరుచి అనేది ఒక వర్గపు సొత్తు అని అది చూపించిన తీరు విలువైనది. కానీ ఆ సిద్ధాంతంలోని ప్రేక్షకుడు చిత్రానికి పైన నిలబడి నవ్వేవాడు, చదువుకున్న నగరవాసి. పల్లె ప్రేక్షకుడి నవ్వు అటువంటిది కాదు. అతడు చిత్రాన్ని చూసి నవ్వడు, చిత్రంతో కలిసి నవ్వుతాడు, మరుక్షణం జడుసుకుంటాడు. పైనుంచి నవ్వే అభిరుచికి 'జగన్మోహిని'కీ 'మా ఊరి పొలిమేర'కూ తేడా కనబడదు, రెండూ కేక పెట్టడానికి పనికివస్తాయి. కేక పెట్టేవాడికి ఆ తేడాతో పని లేకపోవచ్చు. ఊరిలో అనుమానితుడిగా మిగిలినవాడికి మాత్రం ఆ తేడా ప్రాణంతో సమానం.

8. ఉపసంహారం

'క్షుద్రం' అన్న మాటను తెలుగు విమర్శ ఇకనైనా వాడుక నుంచి తప్పించడం మంచిది. అది ఖర్చును చూసింది గాని తర్కాన్ని చూడలేదు. దాని స్థానంలో ప్రతి భయానక కథనూ మూడు ప్రశ్నలు అడగవచ్చు. ఈ భయం ముసుగు చూపిస్తున్నదా, దాస్తున్నదా? ఇందులో భయపడవలసినవాడు అపరాధం చేసినవాడా, ఎవరికీ చెందని ఒంటరివాడా? ముగింపులో గెలిచేది బాధితుడి కోపమా, మూక అనుమానమా? ఈ ప్రశ్నలకు దెయ్యాన్ని నమ్మనక్కరలేదు, సినిమాను ద్వేషించనక్కరలేదు. కథను చదవడం తెలిస్తే చాలు.

చదవడం నేర్పడానికే తెలుగు శాఖలు ఉన్నాయి. ప్రబంధంలోని విప్రలంభాన్ని విభావానుభావాలుగా విడదీసి చూపగల పండితులకు, పొయ్యిలో కాలు పెట్టిన మోహినిని విడదీసి చూపడం కష్టమైన పని కాదు. గౌరవం తక్కువైన పని, అంతే. ఆ గౌరవాన్ని కాపాడుకున్నంత కాలం ఏ భయం ఆటో, ఏ భయం నేరమో చెప్పే బాధ్యత సాహిత్యం తెలిసినవారి చేతుల్లో ఉండదు. జగిత్యాలలో అది ఒకసారి మూక చేతికీ, ఒకసారి బంధువుల చేతికీ వెళ్లింది. బీర్పూర్ గుట్ట మీది నరసింహుణ్ణి చూసి బెదరని జనానికి రబ్బరు కోరల వల్ల వచ్చిన ప్రమాదం ఏమీ లేదు. ప్రమాదమంతా ముసుగే లేని మనిషి ముఖాన్ని చూపించి ఇదే దెయ్యమని చెప్పే కథలో ఉంది. ఆ కథను గుర్తుపట్టి, పేరు పెట్టి పిలవడం విమర్శ ఇకమీదట వాయిదా వేయకూడని పని.